మూడు ముళ్ల నుంచి కోర్టు మెట్ల దాకా: విడాకుల విశేషాలు

తిరుపతిలో పెళ్లి, మిస్సోరీలో విడాకులు

1975లో తిరుపతిలో ఒక పెళ్లి జరిగింది. మూడేళ్లు తిరిగేసరికి ఆలుమగలు విడిపోయారు. భర్త అమెరికాలోని మిస్సోరీ రాష్ట్రంలో, సెయింట్ లూయిస్ కౌంటీ కోర్టులో విడాకులకు వేశాడు. ఆ కోర్టుకు తన మీద అధికారం లేదని అభ్యంతరం చెబుతూ భార్య జవాబు పంపింది. అయినా 1980లో అక్కడ డిక్రీ వచ్చేసింది. 1981 నవంబరులో భర్త యాదగిరిగుట్టలో ఇంకో పెళ్లి చేసుకున్నాడు. మొదటి భార్య ఊరుకోలేదు. తన పెళ్లి ఇంకా చెల్లుబాటులోనే ఉందని, భార్య ఉండగా రెండో పెళ్లి నేరమని కేసు పెట్టింది.

ఆ కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 1991లో వచ్చిన తీర్పు ఈనాటికీ ఎన్నారై విడాకులన్నిటికీ కొలబద్ద. ఇద్దరూ ఏ చట్టం కింద పెళ్లి చేసుకున్నారో ఆ చట్టం ఒప్పుకునే కారణం మీదే విడాకులు రావాలి, ఆ చట్టం ప్రకారం అధికారం ఉన్న కోర్టే ఇవ్వాలి అని న్యాయస్థానం తేల్చింది. మిస్సోరీ కోర్టు చూపిన కారణం, ఈ కాపురం ఇక బాగుపడేది కాదని. హిందూ వివాహ చట్టంలో ఆ కారణం అప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు. అందుకే అమెరికా డిక్రీ ఇక్కడ చెల్లలేదు.

మినహాయింపులూ ఆ తీర్పులోనే ఉన్నాయి. అవతలి మనిషి కూడా ఆ దేశంలోనే స్థిరంగా ఉంటూ, అక్కడి కోర్టు ఆ ఇద్దరి వివాహ చట్టం ప్రకారమే తీర్పిస్తే చెల్లుతుంది. ఇష్టపూర్వకంగా ఆ కోర్టుకు వెళ్లి, మన చట్టంలో ఉన్న కారణాల మీదే వాదించుకున్నా చెల్లుతుంది. విడాకులకు ఇద్దరూ ఒప్పుకున్నా చెల్లుతుంది. డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఒక్కరే వెళ్లి తెచ్చుకున్న కాగితాన్ని నమ్మి ఇక్కడ మళ్లీ సంబంధాలు చూడటం మొదలుపెట్టే కుటుంబాలు ముందు ఈ సంగతి తెలుసుకోవాలి. అక్కడి నుంచి నోటీసు వచ్చినప్పుడు 'మనకెందుకులే' అని పక్కన పడేయడం కూడా తప్పే. అభ్యంతరం ఉంటే రాతపూర్వకంగా చెప్పి, దాని నకలు దాచుకోవాలి.

వంద రూపాయల స్టాంపు పేపరు

మన ఊళ్లలో ఎక్కువమంది మోసపోయేది ఇక్కడే. పెద్దమనుషుల పంచాయితీ జరుగుతుంది, ఇచ్చిపుచ్చుకోవడాలు తేలతాయి. స్టాంపు పేపరు మీద 'ఇకమీదట మాకూ మాకూ సంబంధం లేదు' అని రాసుకుని, సాక్షులు సంతకాలు చేసి, నోటరీ ముద్ర కూడా వేయిస్తారు. అందరూ విడాకులైపోయాయనే అనుకుంటారు. చట్టం దృష్టిలో ఆ ఇద్దరూ ఇంకా భార్యాభర్తలే. ఆ కాగితం పట్టుకుని మళ్లీ పెళ్లి చేసుకుంటే ఆ పెళ్లి చెల్లదు, పైగా నేరం. ఎక్కువగా నష్టపోయేది ఆ రెండో పెళ్లిలోకి తెలియక వచ్చిన ఆడపిల్ల. నోటరీ ముద్ర సంతకాలకే సాక్ష్యం, విడాకులకు కాదు.

అయితే దీనికొక మినహాయింపు ఉంది, అది 1955 నాటి హిందూ వివాహ చట్టంలోనే ఉంది. ఒక కులంలో విడాకుల ఆచారం పూర్వం నుంచీ ఉంటే దాన్ని ఈ చట్టం తోసిపుచ్చదని 29వ సెక్షన్ చెబుతోంది. తెలుగు నేల మీద ఎన్నో కులాల్లో పెద్దల ఎదుట తెగతెంపులు, తర్వాత మారుమనువు మామూలే. కానీ అలాంటి ఆచారం తమలో ఉందని నోటిమాటగా చెబితే చాలదు. ఎంతో కాలంగా తెంపులేకుండా నడుస్తున్నదని కోర్టులో రుజువు చేయాలి. ఆ రుజువు దగ్గరే చాలామంది ఓడిపోతారు.

షెడ్యూల్డ్ తెగల సంగతి వేరు. కేంద్ర ప్రభుత్వం ప్రత్యేకంగా నోటిఫై చేస్తే తప్ప హిందూ వివాహ చట్టం వాళ్లకు వర్తించదు. అరకు లోయలోనో ఆదిలాబాద్ గూడేల్లోనో పెళ్లయినా, విడిపోవడమైనా వాళ్ల తెగ ఆచారమే చట్టం.

ఆంధ్రలో 1949లోనే

హిందువులకు విడాకుల హక్కు 1955తో మొదలైందని చాలామంది అనుకుంటారు. కోస్తా, రాయలసీమ జిల్లాలు అప్పట్లో మద్రాసు రాష్ట్రంలో ఉండేవి. అక్కడ 1949లోనే ద్వివివాహ నిరోధానికి, విడాకులకు కలిపి ఒక చట్టం వచ్చింది. బొంబాయి రాష్ట్రం అంతకు రెండేళ్ల ముందే విడాకుల చట్టం చేసింది. దేశమంతటికీ ఒకే చట్టం తేవాలని హిందూ కోడ్ బిల్లు కోసం పోరాడిన అంబేద్కర్, అది ముందుకు సాగనందుకు 1951లో కేంద్రమంత్రి పదవినే వదులుకున్నారు. నాలుగేళ్ల తర్వాత అదే బిల్లు ముక్కలుముక్కలుగా చట్టాలై వచ్చింది.

ఏడేళ్లు వేరుగా ఉంటే?

విడాకులు వాటంతటవే రావు. ఏడేళ్లు కాదు, ఇరవై ఏళ్లు వేరుగా ఉన్నా రావు. చట్టంలో ఏడేళ్ల ప్రస్తావన ఉన్నమాట నిజమే. కానీ అది మనిషి బతికున్నాడన్న కబురు ఏడేళ్లుగా ఎవరికీ అందని సందర్భానికి. అప్పుడైనా కోర్టుకు వెళ్లి డిక్రీ తెచ్చుకోవాల్సిందే. కారణం లేకుండా వదిలేసి వెళ్లిపోతే మాత్రం రెండేళ్లు నిండగానే ఆ కారణం మీద విడాకులు కోరవచ్చు.

హింస పెట్టినా విడాకులు రాని రోజులు

1955 చట్టం వచ్చిన కొత్తలో భర్త కొట్టినా, వేధించినా, దాని మీద విడాకులు వచ్చేవి కావు. వేరుగా ఉండేందుకు కోర్టు అనుమతి మాత్రమే దొరికేది. 1976 సవరణతోనే క్రూరత్వం విడాకులకు కారణమైంది. పెళ్లయి మూడేళ్లు నిండందే విడాకులకు వేయకూడదన్న గడువు ఒక్క ఏడాదికి తగ్గింది కూడా అప్పుడే. ఆ ఏడాది లోపలైనా భరించలేని కష్టం ఉంటే కోర్టు అనుమతి అడగవచ్చు. కొత్త కోడలు ఏడాది నిండేదాకా దెబ్బలు తింటూ కూర్చోవాలని ఏ చట్టమూ చెప్పలేదు. గృహహింస చట్టం కింద రక్షణ కోరడానికి ఆ ఏడాది గడువుతో పనే లేదు.

క్రూరత్వమంటే చేయి చేసుకోవడమే కాదు. ఒకే కప్పు కింద ఉంటేనే మానసిక క్రూరత్వం జరుగుతుందన్న నియమం లేదని సుప్రీంకోర్టు 2013లో, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ నుంచి వెళ్లిన కేసులోనే చెప్పింది. దూరంగా ఉంటూనే పరువు తీసే తప్పుడు ఫిర్యాదులు చేయడం కూడా అందులోకే వస్తుందంది. ఆ కేసులో భర్తకు విడాకులిస్తూ, భార్యకు 15 లక్షల రూపాయలు ఇవ్వాలని ఆదేశించింది.

అదే 2013లో మన దగ్గరి నుంచే వెళ్లిన మరో కేసు నాకు చాలా విలువైనదిగా అనిపిస్తుంది. భార్యాభర్తలిద్దరూ డాక్టర్లు. భార్యకు స్కిజోఫ్రీనియా ఉందని, విడాకులు ఇప్పించాలని భర్త వేశాడు. సుప్రీంకోర్టు కుదరదంది. జబ్బు పేరు చెప్పినంత మాత్రాన చాలదు, కలిసి బతకడం సాధ్యంకానంత తీవ్రంగా ఉందని చూపాలి అంది. మందులు వాడుకుంటూ ఉద్యోగాలు చేసుకుంటూ ఇల్లు నడుపుకుంటున్న ఎంతోమందికి ఆ తీర్పు అండ. కుష్ఠు అయితే 2019 దాకా విడాకుల కారణాల జాబితాలో ఉండింది. మందులతో పూర్తిగా నయమయ్యే జబ్బు అని వైద్యం ఎప్పుడో చెప్పినా, చట్టం నుంచి ఆ మాట తీసేయడానికి అన్నేళ్లు పట్టింది.

ఇద్దరికీ ఇష్టమైతే

పరస్పర అంగీకార విడాకులు కూడా హిందూ వివాహ చట్టంలోకి 1976లోనే వచ్చాయి. అదే రిజిస్టర్ పెళ్లిళ్ల కోసం తెచ్చిన 1954 నాటి ప్రత్యేక వివాహ చట్టంలో అవి మొదటి నుంచీ ఉన్నాయి.

ఏడాదిగా వేరుగా ఉంటున్నామని ఇద్దరూ కలిసి పిటిషన్ వేయాలి. వేరుగా ఉండటమంటే రెండిళ్లలో ఉండటమనే కాదు. ఇల్లు గడవక, పిల్లల బడి కోసం ఒకే ఇంట్లో ఉంటున్నా, భార్యాభర్తలుగా బతకడం లేకపోతే అది వేరుగా ఉండటమేనని సుప్రీంకోర్టు 1991లో చెప్పింది. మొదటి పిటిషన్ వేశాక ఆరు నెలలకు మళ్లీ కోర్టు ముందుకు వెళ్లి 'మా మాట మీదే ఉన్నాం' అని చెప్పాలి. ఆ ఆరు నెలలు తప్పనిసరి కాదని, తగిన కారణముంటే కోర్టు తీసేయవచ్చని 2017లో తీర్పు వచ్చింది. కానీ అడగగానే తీసేయరు. అప్పటికే ఏడాదిన్నర వేరుగా ఉండి ఉండాలి. రాజీ ప్రయత్నాలు ఫలించకుండా పోవాలి. భరణం, పిల్లల విషయం తేలిపోయి ఉండాలి. మెల్‌బోర్న్‌లోనో డబ్లిన్‌లోనో ఉన్నవాళ్లకు ఇంకో వెసులుబాటూ ఆ తీర్పులో ఉంది. సరైన కారణముంటే వీడియో ద్వారా హాజరు కావచ్చు, లేదా తల్లిదండ్రులో తోబుట్టువులో తమ తరఫున నిలబడేలా కోర్టు అనుమతి కోరవచ్చు.

ఒక ముఖ్యమైన సంగతి. డిక్రీ వచ్చేదాకా ఎవరైనా సరే మనసు మార్చుకోవచ్చు. ఒప్పంద పత్రం మీద సంతకం పెట్టేశాం కాబట్టి ఇక వెనక్కి వెళ్లలేమని చాలామంది ఆడవాళ్లు భయపడతారు. చట్టం అలా కట్టిపడేయదు. అంగీకారం చివరి రోజున కూడా అంగీకారంగానే ఉండాలి. అయితే డబ్బులు పుచ్చుకున్నాక కాదంటే ఆ లెక్కలు కోర్టు అడుగుతుంది.

ఇద్దరిలో ఒకరు ఒప్పుకోకపోయినా, కాపురం చచ్చిపోయిందని తేలితే విడాకులిచ్చే ప్రత్యేక అధికారం ఒక్క సుప్రీంకోర్టుకే ఉంది. రాజ్యాంగంలోని 142వ అధికరణం కింద దాన్ని వాడవచ్చని 2023 మే 1న అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం చెప్పింది. దాని కోసం నేరుగా ఢిల్లీ వెళ్లి పిటిషన్ వేస్తామంటే మాత్రం కుదరదు.

కాపురానికి రమ్మని కేసు

కోర్టు వరండాల్లో 'ఆర్సీఆర్ వేశారు' అనే మాట తరచూ వినిపిస్తుంది. హిందూ వివాహ చట్టం 9వ సెక్షన్ కింద, విడిగా ఉన్న భార్యను గానీ భర్తను గానీ కాపురానికి రమ్మని ఆదేశించాలని కోరే కేసు అది. మన ధర్మశాస్త్రాల్లో లేనిది, ఇంగ్లండు చర్చి న్యాయం నుంచి దిగుమతైనది. ఇంగ్లండు దాన్ని 1970లోనే రద్దు చేసుకుంది. మనం ఇంకా మోస్తున్నాం.

దాన్ని దేశంలో మొదటిసారి కొట్టేసింది మన హైకోర్టే. 1983లో, ఒక సినీ నటి మీద ఆమె భర్త కడప కోర్టులో వేసిన కేసులో, ఆంధ్రప్రదేశ్ హైకోర్టు న్యాయమూర్తి జస్టిస్ పి.ఎ.చౌదరి ఈ సెక్షన్ రాజ్యాంగ విరుద్ధమని తీర్పిచ్చారు. ఇష్టం లేని మనిషిని పడకటింటికి పంపే అధికారం ప్రభుత్వానికి లేదని, ఒక స్త్రీ శరీరం మీద, సంతానం మీద నిర్ణయం ఆమెదేనని ఆయన వాదం. మరుసటి ఏడాదే సుప్రీంకోర్టు వేరే కేసులో ఆ సెక్షన్ చెల్లుతుందని చెప్పడంతో ఆ తీర్పు నిలవలేదు. కానీ వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కేనని 2017లో తొమ్మిదిమంది న్యాయమూర్తులు ఏకగ్రీవంగా చెప్పాక ఆ తీర్పును మళ్లీ తీసి చదువుతున్నారు. ముప్ఫై నాలుగేళ్ల ముందే ఆ దారిలో నడిచిన తెలుగు న్యాయమూర్తి పేరు మన పాఠ్యపుస్తకాల్లో ఉండాల్సింది.

ఆర్సీఆర్ డిక్రీ వస్తే పోలీసులు వచ్చి తీసుకెళ్తారన్న భయం అక్కర్లేదు. ఎవరినీ బలవంతంగా తీసుకెళ్లరు. ఆస్తి జప్తు దాకా వెళ్లే వీలు మాత్రం ఉంది. డిక్రీ వచ్చి ఏడాది దాటినా కాపురం కలవకపోతే ఇద్దరిలో ఎవరైనా దాని మీదే విడాకులు అడగవచ్చు. చాలామంది ఆర్సీఆర్ వేసేది ఇందుకే. మంచి కారణం ఉండి భార్య వెళ్లకపోతే, ఆ డిక్రీ ఉందన్న ఒక్క కారణంతో ఆమె భరణం పోదని 2025 జనవరిలో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది.

దుర్గాబాయి తెచ్చిన ఆలోచన

ఫ్యామిలీ కోర్టులు మనకు రావడం వెనుక రాజమండ్రి ఆడపడుచు ఉంది. దుర్గాబాయి దేశ్‌ముఖ్ 1953లో చైనా వెళ్లినప్పుడు అక్కడి కుటుంబ న్యాయస్థానాల పనితీరు చూసి వచ్చి, అలాంటివి ఇక్కడా కావాలని నెహ్రూతో, పెద్ద న్యాయమూర్తులతో చర్చించారు. ఎనిమిదేళ్ల వయసులో తనకు జరిగిన పెళ్లిని పెద్దయ్యాక కాదనుకుని బయటికొచ్చిన మనిషి ఆమె. హత్య కేసులు, దొంగతనం కేసులు నడిచే హాలులోనే కాపురాల గొడవలూ తేల్చకూడదన్నది ఆమె పట్టుదల. ఫ్యామిలీ కోర్టుల చట్టం 1984లో వచ్చింది. ఆమె 1981లోనే కన్నుమూశారు.

ఆ చట్టం ప్రకారం ఫ్యామిలీ కోర్టులో న్యాయవాదిని పెట్టుకోవడం హక్కు కాదు, కోర్టు అనుమతితోనే. అసలు ఉద్దేశం మామూలు మనిషి తన గోడు తానే చెప్పుకోవాలని. ఆచరణలో దాదాపు అందరూ వకీలుతోనే వెళ్తున్నారు, కోర్టులూ ఒప్పుకుంటున్నాయి. ముందుగా రాజీకి ప్రయత్నించడం జడ్జి బాధ్యత. అందుకే మొదటి వాయిదాల్లో కౌన్సెలింగ్ ఉంటుంది. అక్కడ చెప్పే మాటలు ఒప్పుకోలు కింద తనకు వ్యతిరేకంగా వాడతారేమోనని భయపడకుండా మనసు విప్పి మాట్లాడటమే మంచిది. ఫ్యామిలీ కోర్టు లేని ఊళ్లలో సీనియర్ సివిల్ జడ్జి కోర్టులో 'ఓపీ' అనే పిటిషన్ వేస్తారు. పెద్దవాళ్లు ఇప్పటికీ దాన్ని సబ్ కోర్టనే అంటారు.

హిందూ వివాహ చట్టం కింద విచారణ నలుగురి ముందు జరగదు, తలుపులు మూసి జరుగుతుంది. కింది కోర్టులో జరిగినదాన్ని పత్రికలో అచ్చువేస్తే జరిమానా. ఆ జరిమానా వెయ్యి రూపాయలే. ఈ రోజుల్లో అది ఎవరినీ ఆపే మొత్తం కాదు. ఇంటి గుట్టు యూట్యూబ్‌లో పెట్టే వాళ్లను చూస్తుంటే ఆ సెక్షన్‌కు పదును పెట్టాలనిపిస్తుంది.

ఎక్కడ వేయాలి? నోటీసు తీసుకోకపోతే?

పెళ్లి హైదరాబాద్‌లో, కాపురం బెంగళూరులో, ఇప్పుడు పుట్టింట్లో ఉంటున్నది శ్రీకాకుళంలో. భార్య విడాకులకు ఎక్కడ వేయాలి? 2003కు ముందు మొదటి రెండు ఊళ్లు, లేదా భర్త ఉండే ఊరు. 2003 సవరణ తర్వాత తను ఉంటున్న శ్రీకాకుళంలోనే వేసుకోవచ్చు. ఈ వీలు భార్యకే ఉంది.

ఇక, నోటీసు తీసుకోకుండా తప్పించుకుంటే విడాకులు ఆగుతాయనుకోవడం ప్రమాదం. తీసుకోనని తిప్పి పంపితే అందినట్టే లెక్క. మీరు లేకుండానే ఎక్స్‌పార్టీ డిక్రీ వచ్చేస్తుంది. తర్వాత దాన్ని కొట్టేయించుకోవడానికి తగిన కారణం చూపాలి, గడువు లోపల వెళ్లాలి.

భరణం లెక్కలు

విడాకులిచ్చిన భర్త నుంచి భరణం కోరిన షాబానో పేరు అందరికీ తెలుసు. ఆమె కోర్టులకెక్కింది ఎంత డబ్బు కోసమో తెలుసా? హైకోర్టు ఇచ్చింది నెలకు 179 రూపాయల 20 పైసలు. అంతకుముందు మేజిస్ట్రేటు ఇచ్చింది 25 రూపాయలు. 1985లో సుప్రీంకోర్టు హైకోర్టు చెప్పిన మొత్తాన్నే ఖాయం చేస్తే దేశమంతా అట్టుడికింది, 1986లో విడాకులైన ముస్లిం మహిళల కోసం పార్లమెంటు వేరే చట్టం తెచ్చింది. ఆ కథకు కొనసాగింపు మన తెలంగాణలో జరిగింది. విడాకులు పొందిన ముస్లిం మహిళ కూడా అందరితో సమానంగా క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 125 కింద భరణం అడగవచ్చని 2024 జూలై 10న సుప్రీంకోర్టు చెప్పింది తెలంగాణ నుంచి వచ్చిన కేసులోనే. ఆ 125వ సెక్షనే ఇప్పుడు ఆ కోడ్ స్థానంలో వచ్చిన కొత్త చట్టంలో 144. కోర్టు గుమాస్తాలు మాత్రం ఆ భరణం కేసును ఇంకా 'ఎంసీ' అనే పిలుస్తారు.

125 కింద భరణం నెలకు 500 దాటకూడదన్న పరిమితి 2001 దాకా ఉండేదంటే నమ్మడం కష్టం. ఇప్పుడు పరిమితి లేదు. జీతంలో నాలుగో వంతు వస్తుందని అందరూ చెప్పుకుంటారు, అది సూత్రం కాదు. ఒక కేసులో సుప్రీంకోర్టు ఆ లెక్కను సబబుగా భావించింది, అంతే. ఇద్దరి ఆదాయం, అప్పులు, పిల్లల ఖర్చు, అలవాటుపడిన జీవన స్థాయి అన్నీ చూస్తారు. భార్యకు ఉద్యోగం ఉన్నంత మాత్రాన భరణం రాకుండా పోదు. ఆదాయం లేని భర్త కూడా హిందూ వివాహ చట్టం కింద భార్య నుంచి భరణం అడగవచ్చు.

2020 నవంబరులో వచ్చిన సుప్రీంకోర్టు తీర్పు రెండు మంచి పనులు చేసింది. ఇద్దరూ తమ ఆస్తులు, అప్పులు, ఆదాయం ప్రమాణపత్రంలో రాసివ్వాలి. భరణం అర్జీ పెట్టిన తేదీ నుంచే లెక్క కట్టాలి. కేసు మూడేళ్లు సాగితే ఆ మూడేళ్ల బాకీ కూడా కట్టాలి. బకాయి పడితే ఒక్కో నెల బాకీకి నెల రోజుల దాకా జైలు ఉంటుంది. జైలుకు వెళ్లొస్తే బాకీ తీరిపోయిందనుకునేవాళ్లున్నారు, తీరదు. కానీ బకాయి కోసం ఏడాది లోపల అర్జీ పెట్టాలి. ఈ గడువు తెలియక చాలామంది తల్లులు పాత నెలల డబ్బు పోగొట్టుకుంటున్నారు.

బంగారం ఎవరిది?

పెళ్లిలో అమ్మాయికి పెట్టిన బంగారం, ఇచ్చిన కానుకలు స్త్రీధనం. అవి ఆమెవే. అత్త బీరువాలో ఉన్నా ఆమెవే. వాటిని తిరిగి ఇవ్వకపోతే నమ్మకద్రోహం నేరమవుతుందని 1985లోనే తీర్పుంది. అయితే అవి ఎంతగా ఆమెవంటే, కన్న తండ్రికి కూడా వాటి మీద హక్కు లేదు. కూతురికి విడాకులై, ఆమె మళ్లీ పెళ్లి కూడా చేసుకున్నాక, పాత వియ్యంకుల మీద ఆ బంగారం కోసం ఒక తండ్రి పెట్టిన కేసును 2024 ఆగస్టులో సుప్రీంకోర్టు కొట్టేసింది. ఆ కేసూ తెలంగాణదే. అడిగితే ఆమె అడగాలి, లేదా ఆమె అధికారం ఇచ్చి అడిగించాలి.

భర్త పేరున ఉన్న ఇల్లు విడాకులప్పుడు చెరిసగం అవుతుందన్నది సినిమాల వల్ల వచ్చిన అపోహ. మన చట్టంలో అలాంటి పంపకం లేదు. పేరు ఎవరిదైతే ఆస్తి వారిదే. జంటగా కట్టిన ఈఎంఐలు ఉంటే బ్యాంకు కాగితాలతో నిరూపించుకోవాలి. ఇంటి రుణం కడుతున్న ఆడవాళ్లు రిజిస్ట్రేషన్‌లో తమ పేరూ వేయించుకోవడం అందుకే ముఖ్యం. విడాకులయ్యాక భార్య భర్తకు వారసురాలు కాదు. పిల్లలు మాత్రం ఎప్పటికీ వారసులే.

పిల్లలు

అయిదేళ్ల లోపు బిడ్డ మామూలుగా తల్లి దగ్గరే ఉండాలని 1956 చట్టం చెబుతోంది. ఆ తర్వాత తండ్రికి వెళ్లిపోతుందని దానర్థం కాదు. ఏ వయసులోనైనా చూసేది బిడ్డ మేలే. ఊహ తెలిసిన పిల్లల ఇష్టాన్ని జడ్జి తన గదిలో కూర్చోబెట్టుకుని అడిగి తెలుసుకుంటారు. ఇంట్లో ముందుగా మాటలు నేర్పించి పంపితే పిల్లలు నలిగిపోతారు. దయచేసి ఆ పని చేయకండి. భరణం ఇవ్వలేదని తండ్రికి బిడ్డను చూపించకపోవడం, చూపించలేదని భరణం ఆపేయడం, రెండూ చట్టం ఒప్పుకోదు. ఆ రెండు హక్కులూ బిడ్డవి.

ఫోనులో రికార్డు చేసినవి

భార్యాభర్తల మధ్య మాటలను రహస్యంగా రికార్డు చేస్తే కోర్టులో చెల్లుతాయా అన్న వివాదానికి 2025 జూలైలో సుప్రీంకోర్టు తెర దించింది. విడాకుల కేసులో సాక్ష్యంగా తీసుకోవచ్చంది. వాట్సాప్ సందేశాలకైనా, రికార్డింగులకైనా చట్టం కోరే ధ్రువపత్రం జతచేయాలి. స్క్రీన్‌షాట్ ఒక్కటే చాలదు, అసలు ఫోను దాచుకోవాలి. భార్య మీద అనుమానంతో బిడ్డకు డీఎన్‌ఏ పరీక్ష కోరడం మాత్రం అంత తేలిక కాదు. బిడ్డ గౌరవాన్ని కాపాడటమే ముందని సుప్రీంకోర్టు 2023లో చెప్పింది. వివాహేతర సంబంధం 2018 నుంచి నేరం కాదు. విడాకులకు మాత్రం ఇప్పటికీ కారణమే.

మిగతా మతాల్లో

క్రైస్తవుల చట్టం 1869 నాటిది. 2001 దాకా భర్త వ్యభిచారం ఒక్కటే చూపితే భార్యకు విడాకులు వచ్చేవి కావు. దానికి తోడు క్రూరత్వమో, వదిలేయడమో కూడా రుజువు చేయాలి. భర్తకైతే భార్య వ్యభిచారం ఒక్కటే చాలు. పైగా జిల్లా కోర్టు డిక్రీని హైకోర్టు ఖాయం చేయాలి. 2001 సవరణ ఇవన్నీ సరిచేసింది. చర్చి ఇచ్చే వివాహ రద్దు పత్రం సివిల్ చట్టం ముందు నిలవదు, గుర్తుంచుకోవాలి. కోర్టు డిక్రీ లేకుండా మళ్లీ పెళ్లి చేసుకోకూడదు.

ఒక్కసారే మూడు తలాక్‌లు చెప్పడం 2017లో చెల్లకుండా పోయింది, 2019 నుంచి మూడేళ్ల దాకా జైలు శిక్ష ఉన్న నేరం. ముస్లిం మహిళకు విడాకుల హక్కు ఇప్పుడు కొత్తగా వచ్చింది కాదు. 1939 నుంచే కోర్టు ద్వారా అడిగే చట్టముంది. భర్త జాడ నాలుగేళ్లు తెలియకపోయినా, రెండేళ్లు పోషించకపోయినా అది చాలు. తనంతట తాను కోరే ఖులాకు భర్త ఒప్పుకోవాల్సిన పనిలేదని తెలంగాణ హైకోర్టు 2025 జూన్‌లో తీర్పిచ్చింది.

498ఏ రాజీ

రాజీ కుదిరిపోయిన జంటలు సైతం భర్త, అత్తింటివారి వేధింపుల మీద పెట్టిన 498ఏ క్రిమినల్ కేసు ఎత్తేయించుకోలేక తిరిగే రోజుల్లో, 2003లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఒక సవరణ చేసింది. కోర్టు అనుమతితో 498ఏ కేసులో రాజీ పడవచ్చు, కానీ అర్జీ పెట్టాక మూడు నెలలు ఆగాలి, ఆలోగా ఎవరూ మాట వెనక్కి తీసుకోకూడదు. ఒత్తిడి మీద రాజీ పడుతున్న ఆడపిల్లకు ఆ మూడు నెలలు ఊపిరి పీల్చుకునే వ్యవధి. 2024 జూలై 1న కొత్త క్రిమినల్ చట్టాలు వచ్చి ఆ నేరం 85వ సెక్షన్ అయింది కాబట్టి, ఇప్పుడు రాజీకి ఏ దారో న్యాయవాదిని అడిగే వెళ్లాలి.

ఫీజు లేకుండా వకీలు

మహిళలకు, పిల్లలకు, షెడ్యూల్డ్ కులాలు, తెగలవారికి ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయ సహాయం అందాలని 1987 చట్టం చెబుతోంది. జిల్లా కోర్టు ఆవరణలోనే న్యాయసేవాధికార సంస్థ కార్యాలయం ఉంటుంది. 15100 నంబరుకు ఫోను చేసినా దారి చెబుతారు. ఉద్యోగం చేసే మహిళ అయినా, ఉన్నవాళ్ల ఇంటి కోడలైనా సరే. భర్త చేతిలో డబ్బంతా ఉండి, తన చేతిలో బస్సు చార్జీ కూడా లేని కోడళ్లు ఉన్నవాళ్ల ఇళ్లలోనూ ఉన్నారు.

డిక్రీ వచ్చాక

కోర్టు విడాకులిచ్చిన మర్నాడే ముహూర్తం పెట్టుకోకూడదు. అప్పీలు గడువు ముగియాలి, అప్పీలు వేస్తే అది తేలాలి. హిందూ వివాహ చట్టం అప్పీలుకు 90 రోజులిస్తే, ఫ్యామిలీ కోర్టుల చట్టం 30 రోజులే ఇస్తోంది. ఈ తేడా మీద హైకోర్టుల్లో భిన్నాభిప్రాయాలు వచ్చాయి కాబట్టి 90 రోజులు ఆగడమే క్షేమం. ఒకప్పుడైతే డిక్రీ తర్వాత ఏడాది ఆగాలి. అదీ 1976లోనే పోయింది.

డిక్రీ ధ్రువీకృత నకళ్లు ఒకటికి నాలుగు తీసుకోండి. పాస్‌పోర్టులో వివరాలు మార్చాలన్నా, వీసాకు వెళ్లినా, మళ్లీ పెళ్లి రిజిస్టర్ చేయించుకున్నా, బీమా, పీఎఫ్ నామినీ మార్చాలన్నా అడిగేది ఆ నకలే. నామినీ పేరు విడాకులతో దానంతటదే మారదు, మీరు వెళ్లి మార్చుకోవాలి.